తనిఖీనాటి గాలి

కార్వాన్ బస్తీలో, పాత భవనంలో నడిచే ఒక హైస్కూలు. తెల్లవారితే ‘మంచి గాలి బడి’ పోటీకి తనిఖీ. సైన్సు టీచరు హరిచందన పదో తరగతి గదిలో కార్బన్ డయాక్సైడును కొలిచే గాలి మీటరు బిగించుకుని, తనిఖీవాళ్ల ముందే పిల్లల చేత పాఠం చెప్పించాలని నెల నుంచి కాచుకుని ఉంది. హెడ్మాస్టరు జగదీశ్వర్ ఆమెను తన గదికి పిలిపించాడు.

“మళ్ల చెప్పుండ్రి సార్. పిల్లలు వద్దా?”

“వద్దంటలేను మేడం. రేపొక్క పూట సెలవిద్దామంటున్న.”

“రేపే గద సార్ పాఠం. ఒంట్లె అన్నం కరిగి ఊపిరి ఇడిసినా, జనరేటర్ల డీజిల్ కాలినా బయటికొచ్చేది కార్బన్ డయాక్సైడే అని వాళ్లే మీటర్ చూపెట్టి చెప్తరు. స్వీటీ అయితే అద్దం ముంగట నిలబడి నేర్చుకుంటున్నదట.”

“నేర్చుకోనీ, మంచిదే. మీటర్ ఎంత చూపెడుతున్నది?”

“పొద్దుగాల తాళం తీసినప్పుడు నాలుగు వందల చిల్లర. ఇంటర్వెల్‌కు రెండు వేలు దాటింది.”

“వెయ్యి దాటితే ఎర్రలైటు గద?”

“అవును సార్. గదే పాఠం.”

“గదే లొల్లి. ఎర్రలైటు ఎలిగించుకొని ప్రైజు అడుగుతమా?”

“కిటికీలు తెరుద్దాం మరి.”

“ఏ కిటికీలు?”

“అదే... మీరు ఇటుకలు పెట్టి మూయించినయి.”

“తెరిస్తే ఎన్క ఫంక్షన్ హాల్ జనరేటర్ పొగంత లోపలికే. పొగ వస్తున్నదని దరఖాస్తు పెట్టింది మీరే గద.”

“జనరేటర్ తీపియ్యుమని పెట్టిన సార్. కిటికీలు మూయమని కాదు.”

“నాతోని ఏదైతదో గది చేసిన.”

“పాఠంల తూగుతున్నదని స్వీటీని మీరే రెండుమార్లు బయట నిలబెట్టిండ్రు. తప్పు పిల్లది కాదు సార్, గదిలున్న గాలిది. గది వాళ్లకు తెల్వాలె.”

“బయటనే గద నిలబెట్టిన. మంచి గాలి దొరికింది.”

“నవ్వులాట కాదు సార్.”

“సరే, కొందర్ని కూసోపెట్టుండ్రి. ర్యాంకులోళ్లు వద్దు. ఊపిరి నిమ్మళంగ తీసేటోళ్లు కావాలె. బబ్లూ అసలే వద్దు. వాడొక్కడే నలుగురి గాలి తాగుతడు.”

“పిల్లల్ని ఎల్లగొట్టి మంచి గాలి బడి అనిపించుకునుడా? నాతోని కాదు సార్. అందర్నీ కూసోపెడ్త. ఎర్రలైటు ఎలిగితే ఎలగనీ.”

“మేడం... ఫస్ట్ ప్రైజు ఏందో సదివిండ్రా?”

“ఏముంటది సార్, ఒక షీల్డు.”

“షీల్డు కాదు. ఒక గదికి రోడ్డు దిక్కు గోడ కొట్టి కిటికీలు పెట్టిస్తరు, ఫ్యాన్లు బిగిస్తరు. కిటికీలకోసం నేను తిరగని ఆఫీసు లేదు. గాలాడని బడికి ఇయ్యరట. గాలి మంచిగున్న బడికే ఇస్తరట.”

“గాలాడనోళ్లకే గద సార్ కిటికీలు కావాల్సింది?”

“ఏమంటరు మేడం?”

“రేపు నేను గూడ గది లోపలికి రాను సార్. తలుపు కాడ నిలబడే పాఠం చెప్త.”