న్యూజెర్సీ పర్మిట్ రాలేదు

"క్లీటస్‌కా? నాన్న తుపాకీ తీసుకెళ్ళి ఆ దాణా కొట్టు క్లీటస్‌కి ఇస్తావా?"

"ఇవ్వడం కాదక్కా, దాచిపెట్టమనడం. నాలుగు రోజులు. తిరిగొచ్చి తీసేసుకుంటాను."

"ఫోన్లో నువ్వన్నది విన్నాను. 'మా ఇంట్లో పెట్టడానికి వీల్లేదు క్లీటస్' అన్నావు. ఏం, ఎందుకు వీల్లేదు? ఈ ఇంటికేమొచ్చింది?"

"చాటుగా వింటున్నావా?"

"నా వంటింట్లో నిలబడి అంత గొంతేసుకుని మాట్లాడితే నేను చెవుల్లో దూది పెట్టుకోవాలా?"

వెర్నా పొయ్యి మీది చిక్కుడుగింజల కుండ సంగతి మరిచిపోయింది. వాకిట్లో చెల్లెలు మార్లా ట్రక్కు, దాని వెనక గుర్రాలనెక్కించే బండి బయల్దేరడానికి సిద్ధంగా ఉన్నాయి. తండ్రి పోయి ఏడాది కావస్తోంది. పోతూ పోతూ ఇల్లు వెర్నాకి రాశాడు. తాతలనాటి రివాల్వర్ మాత్రం తాను బతికుండగానే మార్లా చేతిలో పెట్టాడు. వెర్నాకి ఇల్లు కనబడేది కాదు, ఆ రివాల్వరే కనబడేది.

"కుండ మాడుతోందక్కా."

"మాడనీ. ముందు జవాబు చెప్పు."

"చెప్పడానికేముంది? ఈసారి గుర్రాలు న్యూజెర్సీకి. అక్కడి పర్మిట్ గడువు దాటిపోయింది. కొత్తదానికి పెట్టాను, ఇంకా రాలేదు. అది లేకుండా ఈ తుపాకీతో అక్కడ దొరికానంటే తిన్నగా జైలుకే."

"మొన్న పెన్సిల్వేనియాకి తీసుకుపోలేదూ?"

"పెన్సిల్వేనియాలో మన వెస్ట్ వర్జీనియా పర్మిట్ చెల్లుతుంది. మేరీలాండ్‌లో చెల్లదు, అక్కడిది వేరే తీసుకున్నాను. న్యూజెర్సీకి మళ్ళీ ఇంకోటి. ఏం చెప్పమంటావు, సరిహద్దు గీతకి ఇవతల పెద్దమనిషిని, అవతల నేరస్తురాలిని."

"గుళ్ళు తీసేసి, పెట్టెలో పెట్టి తాళం వేసుకుపోతే?"

"అది ఆగకుండా దాటిపోయేవాళ్ళకి. నేనక్కడ గుర్రాలు దింపాలి, మళ్ళీ ఎక్కించాలి, రెండు రాత్రులు ఉండాలి."

"అబ్బో. లాయరమ్మవైపోయావే!"

"పర్మిట్ క్లాసుల్లో చెప్పారు. విన్నాను."

"వింటావు, ఎందుకు వినవు? బయట కాపలాకి నాన్న ఉన్నాడాయె. మేరీలాండ్‌లో నీ క్లాసు ముగిసేదాకా ఆ బడి ముందు కారులో కూర్చున్నాడు. ఆ దగ్గుతో! ఆ గని దుమ్ము పట్టిన ఊపిరితిత్తులతో! నేను నర్సు చదువుకి పోయిన రోజుల్లో ఒక్కనాడు నన్ను బస్సు దాకా దిగబెట్టాడా?"

"అప్పుడు గనిలో పనుండేది కదా."

"ఆదివారాలు ఉండేదా పని? చెప్పు, ఉండేదా?"

"నీకన్నీ గుర్తే."

"ఎందుకుండవు? వేలిముద్రలకి ఒక ఊరు, ఫొటోలకి ఒక ఊరు. తండ్రీ కూతుళ్ళు ఊరేగారు. దారిలో పెప్పరోనీ రొట్టెలు కొనుక్కుని తిన్నారు. ఇంటికొచ్చి, ఆ వేలిముద్రలావిడ నాన్న చెయ్యి కూడా సిరాలో ముంచబోయిందని చెప్పి ఒకటే నవ్వు. నేను సింకు దగ్గర నిలబడి ఆయన ఆక్సిజన్ గొట్టాలు కడుక్కుంటూ విన్నాను, మీ నవ్వులు."

"నువ్వూ రావాల్సింది."

"పిలిచారా?"

"క్లీటస్ ఎదురుచూస్తుంటాడక్కా."

"అడుగుతున్నాను. పిలిచారా?"

"లేదు."

"లేదు. సరే, అదంతా పోనీ. నాలుగు రోజులు నా దగ్గరుంచు. నాన్న గదిలో పెడతాను. తాకను కూడా తాకను."

"ఇంట్లో ఇనప్పెట్టె లేదక్కా. దొంగలూ అవీ..."

"ఉంది."

"ఏంటీ?"

"ఇనప్పెట్టె. పోయిన నెల కొన్నాను. నాన్న మంచం కింద పెట్టించాను."

"ఎందుకు కొన్నావు?"

"ఎందుకేమిటి? పెట్టుకోవడానికి."

"ఏం పెట్టుకోవడానికి? అక్కా, ఇటు చూడు. అందులో ఏం పెట్టావు?"

"ఏం పెడతాను, నా మొహం. ఖాళీగా ఉంది. ఎప్పటికైనా నీకే తోచి, 'ఇదిగో అక్కా, కొన్నాళ్ళు నీ దగ్గరుంచు' అంటావేమోనని కొన్నాను. అలా పాలిపోతావేం?"

"పాలిపోలేదు."

"అద్దంలో చూసుకో. అప్పుడే ఇలాగైతే, ఇంకో సంగతి చెబితే ఏమైపోతావో!"

"ఇంకేం సంగతి?"

"నేను కూడా క్లాసుకి వెళ్ళాను."

"ఏ క్లాసు?"

"నువ్వు వెళ్ళిన క్లాసే. మన అగ్నిమాపక కేంద్రం వెనక చెబుతున్నారు. శనివారం వెళ్ళాను. కాగితం బొమ్మకి సరిగ్గా గుండెల మీద కొట్టాను, తెలుసా? నేర్పేవాడు ముక్కున వేలేసుకున్నాడు. చెయ్యి ఒణకదేంటమ్మా నీకు, అన్నాడు. సోమవారం షెరీఫ్ ఆఫీసుకి వెళ్ళి దరఖాస్తు ఇచ్చేస్తాను."

"వద్దు."

"ఏంటి వద్దు?"

"దరఖాస్తు వద్దు. క్లాసుకి మళ్ళీ వెళ్ళొద్దు. అక్కడ ఎవరి తుపాకీ పట్టుకున్నావు? ఇంటికి తెచ్చావా? ఎవరైనా అమ్ముతామన్నారా?"

"చూశావా, చూశావా! కడుపు మండిపోతోంది నీకు! ఆ ఒక్కటైనా నా సొంతం అనుకుని తిరుగుతున్నావు ఇన్నాళ్ళూ. ఇప్పుడు అక్క కూడా నేర్చేసుకుందని మండిపోతోంది."

"అది కాదక్కా."

"అదే! నాకు తెలీదూ ఆ మంట ఎలా ఉంటుందో? నేను కాపురం చేసిందే దాంతో."

"క్లీటస్ కొట్టు కట్టేస్తాడు. నే వెళ్ళాలి."

"నీ చేతిలోని ఆ తుపాకీ పెట్టె బల్ల మీద పెట్టు."

"పెట్టను."

"పెట్టు మార్లా."

"పెట్టనన్నానా! సరే, క్లీటస్ దగ్గరకీ పోను. న్యూజెర్సీకే పోను. ఇప్పుడే ఆ గుర్రాలాయనకి ఫోన్ చేసి వేరేవాళ్ళని చూసుకోమంటాను. సరేనా?"

"ఏమన్నావు?"

"లోడు వదులుకుంటానన్నాను."

"వసంతం నుంచీ ఆ లోడు కోసం ఆయన వెనకాల తిరిగావు. ఇది దొరికితే ఏడాదంతా పని దొరికినట్టేనని మొన్న ఇక్కడే కూర్చుని గంతులేశావు. దాన్ని వదులుకుంటావు గాని, నాన్న వస్తువు నాలుగు రోజులు నా దగ్గర ఉంచవు. అంతేనా?"

"అంతే అనుకో."

"నేనంత పనికిమాలినదాన్నా?"

"నేనా మాట అన్నానా?"

"అనక్కర్లేదు. ఇంటికొచ్చిన ప్రతిసారీ చూస్తున్నాను. మంచం వేసి పెడితే లోపల పడుకోవు. చలిలో పోయి ట్రక్కులో పడుకుంటావు. నడుం నొప్పి, ట్రక్కులో పరుపు మెత్తగా ఉంటుంది అని కథలు. నడుం నొప్పి కాదు. అది నీ పక్కనే ఉండాలి, నా ఇంట్లో మాత్రం ఉండకూడదు... నేను పిచ్చిదాన్ననుకున్నావా?"

"ఆ మాట అనకు."

"ఏ మాట?"

"ఆ పిచ్చి అన్న మాట. అనకు."

"నాన్న ఏం చెప్పాడు నా గురించి?"

"ఏం చెప్పలేదు."

"అది నేను అమ్మేస్తానన్నాడా? వదిలేసి పోయిన మొగుడు మళ్ళీ గుమ్మంలోకొస్తే ఇల్లూ ఒళ్ళూ అప్పజెప్పేస్తాననీ, ఆ డ్వేన్ గాడు తుపాకీ పట్టుకుపోయి తాకట్టు పెడతాడనీ అన్నాడా?"

"డ్వేన్ ఊసే ఎత్తలేదు."

"అయితే ఏ ఊసెత్తాడు? ఏదో ఒకటి అన్నాడు. నాన్న మీద ఒట్టేసి చెప్పు, ఏమీ అనలేదని."

"ఒట్టెయ్యను."

"వెయ్యి!"

"వెయ్యలేనక్కా."

"అంటే అన్నాడు. చెప్పు. ఆ తుపాకీ నువ్వే ఉంచుకో, నీ రాష్ట్రాలన్నీ ఊరేగించుకో. నాకా మాట చెప్పు చాలు."

"కూర్చో ముందు."

"నిలబడే వింటాను."

"ఎక్కడికెళితే అక్కడి పర్మిట్ తీసుకో అన్నాడు. ఎంత తిప్పినా సరే, ఎన్నిసార్లు వెనక్కి పంపినా సరే. ఏ రాష్ట్రంలో ఉన్నా అది నీ ఒంటి మీదే ఉండాలి, ఒక్క రాత్రి కూడా ఆ ఇంట్లో ఉండకూడదు అన్నాడు. పర్మిట్ లేక ఎప్పుడైనా ఎక్కడైనా వదలాల్సొస్తే పరాయివాళ్ళ దగ్గరైనా వదులు గాని ఇంట్లో వదలొద్దన్నాడు. మాట ఇచ్చాను."

"ఆ ఇంట్లో, అంటే?"

"ఈ ఇంట్లో."

"ఈ ఇంట్లో ఉండేది నేనొక్కదాన్నే కదే."

"అవును."

"అయితే నా దగ్గరుండకూడదని! ఇంత బతుకూ ఆయన సేవలోనే పోగొట్టుకున్నదాని దగ్గర ఉండకూడదని! నిన్నేమో నెత్తినెక్కించుకుని..."

"నెత్తినెక్కించుకున్నాడా? నన్నా? క్లాసుకి నాతో ఎందుకొచ్చాడో తెలుసా నీకు? నేను విసుగెత్తి మధ్యలో లేచొచ్చేస్తానని భయం. అందుకొచ్చి కూర్చున్నాడు కాపలా. పోతున్నప్పుడూ వస్తున్నప్పుడూ ఏం మాట్లాడాడనుకున్నావు? వెర్నా తిందో లేదో. వెర్నా నిద్రపోతోందో లేదో. వెర్నా నవ్వి ఎన్నాళ్ళయిందో. నా ట్రక్కు లోయలో పడినా అడిగేవాడు కాదేమో. నాకూ కుళ్ళుగానే ఉండేదక్కా! నువ్వొక్కదానివే అనుకోకు."

"నా గురించా?"

"నీ గురించే."

"మరైతే నామీద నమ్మకం ఎందుకు లేదు? అంతగా ఉంటే అమ్మి పారెయ్యొచ్చుగా ఆ ముదనష్టపు వస్తువుని!"

"వాళ్ళ నాన్నది. చెయ్యాడలేదన్నాడు. నాకూ రోడ్ల మీద పనికొస్తుందన్నాడు."

"ఎందుకుండకూడదంట నా దగ్గర? అది చెప్పు. చుట్టూ తిప్పకు."

"నాన్నకి తెలుసక్కా."

"ఏం తెలుసు?"

"డ్వేన్ నిన్ను వదిలేసి పోయిన ఏడాది. బట్టలుతికే గదిలో."

వెర్నా కుర్చీ కోసం వెనక్కి చెయ్యి చాపింది. దొరక్కపోతే మార్లానే జరిపింది.

"నీకెవరు చెప్పారు?"

"నాన్నే."

"నాన్న ఎలా చెబుతాడు? ఆ రోజు నాన్న ఇంట్లోనే లేడు. పొద్దున్నే చేపలకి పోయాడు. గాలం భుజాన వేసుకుని వాగు వైపు పోతుంటే కిటికీలోంచి చూశాను. ఆయన మలుపు తిరిగాకే... ఆయన కనబడకుండా పోయాకే నేను లోపలికెళ్ళాను. ఎవరూ లేరు. ఎవరికీ తెలీదు. ఇన్నేళ్ళూ ఎవరికీ తెలీదనే..."

"వంతెన దాకా పోయి, మనసొప్పక తిరిగొచ్చాడంట. గది తలుపు అవతల నిలబడ్డాడు. పలకల సందులోంచి కనబడుతుంది కదా."

"కనబడ్డానా?"

"ఊఁ."

"ఏం చూశాడు?"

"అంతా."

"నేను... ట్రిగ్గర్ నొక్కడం కూడా?"

"ఆ టిక్కుమన్న చప్పుడు తల్చుకుంటే పోయే ముందు కూడా ఒణికిపోయేవాడక్కా. ఆ వారమే నన్ను పిలిపించి, అది నా చేతిలో పెట్టాడు."

"చూశాడు. చూసి, అక్కడే నిలబడ్డాడు."

"అక్కా..."

"ఉండు. నన్ను మాట్లాడనియ్యి. చూస్తూ నిలబడ్డాడు కదా? తలుపు తోసుకుని రాలేదు. 'వద్దే తల్లీ' అని ఒక్క కేక వెయ్యలేదు. ఏదో పాత ఇనుము, బిగుసుకుపోయి పేలలేదు కాబట్టి సరిపోయింది. పేలి ఉంటే? సందులోంచి అదీ చూసేవాడా?"

"నేను చెప్పేది విను."

"నువ్వేం చెబుతావే? నీకేం తెలుసు? నేను అక్కడ నేల మీద పడి ఏడుస్తుంటే కాస్సేపటికి బయట బకెట్టు చప్పుడు చేసుకుంటూ వచ్చి, 'వెర్నా, కాఫీ ఉందా?' అన్నాడు. మొహం కడుక్కుని వెళ్ళి పోశాను. తాగాడు! అంతా చూసి, నేను పోసిన కాఫీ తాగాడు! ఒక్కటి చెప్పు మార్లా, నిజం చెప్పు. ఆ గదిలో ఉన్నది నువ్వైతే అలా నిలబడేవాడా? నీకోసమైతే తలుపు బద్దలుకొట్టుకుని వచ్చేవాడు కాదూ?"

"గుళ్ళు ముందురోజు రాత్రే తీసేశాడక్కా. తలుపవతల నిలబడ్డప్పుడు అవి ఆయన గుప్పిట్లోనే ఉన్నాయి."