బడి గేటు దగ్గర నల్లద్దాలు

నైట్ డ్యూటీ దిగి వచ్చిన నర్సు గుమ్మంలో చెప్పులు విడుస్తోంది. గదిలో కిటికీకి మందపాటి తెర కడుతున్న తల్లి వెనక్కి తిరిగి చూసింది.

"ఇంట్లోకి వచ్చాక కూడా ఆ నల్లకళ్లద్దాలేమిటే?"

"నిద్ర కోసమమ్మా. రాత్రి వార్డులో మంచి వెలుతురులో ఉండమన్నాడు డాక్టరు. పొద్దున ఇంటికొచ్చేటప్పుడు మాత్రం కళ్లలో ఎండ పడకూడదట. పడితే ఒళ్లు ఇప్పుడే తెల్లారిందనుకుంటుందట."

"మిల్లులో రాత్రి షిఫ్టు చేసే రోజుల్లో మీ నాన్నకి అక్కడి డాక్టరు చెప్పిందీ అదే. మంచమెక్కేదాకా అద్దాలు తియ్యొద్దన్నాడు."

"నాన్న అద్దాలు నిద్ర కోసమా! సోకనుకున్నానే. హీరోగారొచ్చారని వీధంతా ఏడిపించేవాళ్లు."

"ఆయనా లోలోపల మురిసిపోయేవాడులే."

"మరి మా బడి గేటు దగ్గర రోజూ సైకిలాపి అద్దాలు తీసేవాడుగా? తుడుచుకుని మళ్లీ పెట్టుకునేవాడు."

"తుడుచుకోవడం ఉత్త నటన. నల్లద్దాల్లోంచి చూస్తే నీ రిబ్బన్లు ఏ రంగో తెలిసేది కాదట."

"అందుకా?"

"నిద్ర చెడుతుందని నేను కసిరేదాన్ని. వింటేగా! పక్క మీద వాలుతూ, 'ఇవాళ పసుపుపచ్చ రిబ్బన్లే' అని నాకు చెప్పేవాడు."

"కట్టింది నువ్వేగా?"

"నేనే. అయినా ఏమీ తెలియనట్టు 'అవునా' అనేదాన్ని. ఆ మాట విన్నాకే కళ్లు మూసుకునేవాడు."