దేవరాజ్ ఒప్పుకుంటేనే

ఎల్లారెడ్డి బస్టాండు ముందర సాయన్న చాయ్ హోటల్. మధ్యాహ్నం కామారెడ్డి బస్సు వెళ్ళిపోయాక జనం పలచబడతారు గాని, మిగిలినవాళ్ళు మాత్రం కదలరు. ఫ్లెక్సీల దుకాణం భూపాల్ వచ్చి మూల బల్ల మీద కూర్చునే వేళ అది. భూపాల్ నోరు తెరిస్తే గ్లాసులో చాయ్ చల్లారుతుంది గాని ఆయన ముచ్చట చల్లారదు.

ఆ రోజు రూత్ కూడా వచ్చింది. ఆమె పక్క వీధి మెడికల్ షాపులో పనిచేస్తుంది. ముచ్చట వినడానికి రాలేదు. భూపాల్‌ను ఒక మాట అడగడానికి వచ్చింది. వానలు పోయి చలి వచ్చినా ఆ మాట అట్లాగే ఉంది.

రూత్‌కు అన్న ఉండేవాడు, దేవరాజ్. మస్కట్‌లో కరెంటు పని చేసి తిరిగి వచ్చి, కామారెడ్డిలో కంప్యూటర్ నేర్చుకుని, 'గల్ఫ్ దారి' అని ఒక వెబ్‌సైట్ పెట్టాడు. వీసా అసలుదో దొంగదో ఎట్లా తెలుస్తుంది, జీతం ఇవ్వకపోతే ఎవరికి ఫోన్ చేయాలి, అక్కడ మనిషి పోతే శవపెట్టె ఇల్లు చేరడానికి ఏమేం కావాలి, అన్నీ అందులో రాసి ఉంటాయి. ఆ రాతంతా ఇంటర్నెట్‌లో ఒక ఉమ్మడి చోట ఉంటుంది, దాన్ని రిపో అంటారు. దోహాలో, రియాద్‌లో ఉన్న మనవాళ్ళు తమకు తెలిసిన మార్పులు అక్కడికి పంపేవారు. దేవరాజ్, భూపాల్ కలిసి చూసి, బాగుంటే సైట్‌లో కలిపేవారు. పోయిన వానకాలంలో దేవరాజ్ డెంగీ జ్వరంతో పోయాడు.

సైట్ అడుగున, సాయం కావాలంటే ఫోన్ చేయమని ఇచ్చిన నంబరు దేవరాజ్‌దే. ఆ ఫోన్ ఇప్పుడు వాళ్ళమ్మ మరియ దగ్గర ఉంది. అది మోగినప్పుడల్లా ఎవరో దేవరాజ్ అన్న ఉన్నాడా అని అడుగుతారు. లేడు బిడ్డా అని కన్నతల్లే చెప్పుకోవాలి. ఆ నంబరు తీసెయ్యమని రూత్ ఎన్నిసార్లు అడిగినా భూపాల్ 'అయితది చెల్లె' అంటాడు, కానే కాదు.

ఇయ్యాల తేల్చుకునే పోవాలని వచ్చింది. వచ్చేసరికి ముచ్చట మొదలైపోయింది.

"ఏం లేదు హన్మండ్లూ, మొదలు చిన్న పనే," అంటున్నాడు భూపాల్, ఆటో నడిపే హన్మండ్లు భుజం మీద చెయ్యి వేసి. "ఎంబసీ నంబర్ల ఒక అంకె తప్పు పడ్డది. మూడు ఉండేకాడ ఎనిమిది. ఎవలకు కనవడలే, నాకు కనవడ్డది. దిద్దిన. గంతే. ఒక్క గంటల బాన్సువాడ నుంచి ఒకాయన ఫోన్ జేసి ఏడ్సుడే ఏడ్సుడు. 'అన్నా, గిన్ని దినాలు ఆ నంబరు కొడితె ఎవడో కోళ్ళ దుకానపాయన ఎత్తుతుండె, ఇయ్యాల సర్కారు ఎత్తింది' అని."

"మంచి పనే," అన్నాడు సాయన్న, పాలు కలుపుతూ.

"మంచిదా? ఇంకా ఇను. ఒకపారి మస్కట్‌లున్న ఒకాయన, దోహాలున్న ఒకాయన ఒక్కటే లైను ఒక్కటే పారి మార్సిండ్రు. ఇగ రెండు దున్నపోతులు కొమ్ములు పెనేసుకున్నట్టు ఇరుక్కపోయినయి. ఇటు రాదు, అటు పోదు. నేనప్పుడు తాడ్వాయి కెల్లి నీ ఆటోలనే వస్తున్న హన్మండ్లూ, లోపల పన్నెండు మంది, నాది ఒక కాలు బయట, ఒక చెయ్యి రాడ్డు మీద..."

"నా ఆటోల పన్నెండు మంది పట్టరన్నా."

"ఆ దినం పట్టిండ్రు. నడిమిట్ల మాట్లాడకు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఉన్నది ఒక్క బొటనవేలు. దాంతోనే ఫోన్ల రెండు లైన్లను పట్టి, దేనికది ఇడదీసి, నిలవెట్టిన. ఆటో దిగేవరకు సైటు నడుస్తున్నది."

రూత్ గోడకు ఆనుకుని నిలబడింది. ఆ గొడవ ఆటోలో తీరలేదు. వాళ్ళింటి వాకిట్లో తీరింది. దేవరాజ్ ఒళ్ళో ల్యాప్‌టాప్, పక్కన భూపాల్ కాల్చిన మక్కకంకి తింటూ ఒకాయనది కొట్టెయ్యమని తొందరపెడుతున్నాడు. "రెండూ నిజమే భూపాల్," అన్నాడు దేవరాజ్. "ఆయన ఊర్ల గట్ల, ఈయన ఊర్ల గిట్ల. రెండూ ఉంచుదం. ఒకదాని ఎనక ఒకటి." ఆ గొంతు చెవిలో పడ్డట్టే అయి రూత్ తల వంచుకుంది.

భూపాల్ ఆమెను చూశాడు. చూసి, గొంతు ఇంకా పెంచాడు.

"ఒకనాడు రిపో మొత్తం కొట్టుకపోయింది. ఎవనిదో చెయ్యి తప్పు పడి అంత తుడుసుకపోయింది."

"పోయినా అందరి కంప్యూటర్ల కాపీ ఉంటదని దేవరాజ్ చెప్తుండె గదనే," అన్నాడు సాయన్న.

"అందరి కాపీలు ఒక్కపారే పోయినయి," అన్నాడు భూపాల్ తడుముకోకుండా. "నేను కండ్లు మూసుకుని కూసున్న. మొదటి పేజీ నుంచి ఆఖరు పేజీ దాక, కామాలు చుక్కలతోని సహా యాదికి తెచ్చుకుని కొట్టిన. కీబోర్డు మీద అచ్చరాలు అరిగిపోయినయి. అది ఎంత వేడెక్కిందంటె, దాని మీద నీ పాలగిన్నె పెట్టినా పొంగుతుండె. గది సూసి పెద్ద కంపెనీ దొరసాని ఒకామె అమెరికా కెల్లి ఫోన్ జేసి, 'భూపాల్ సాబ్, మా మిషన్లన్ని మీ తలకాయల పెడుతం, కిరాయి ఎంత' అని అడిగింది. జాగ లేదమ్మా అని చెప్పిన."

నవ్వులు. పక్క బల్ల దగ్గర ఇద్దరు కుర్చీలు ఇటు జరుపుకున్నారు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? పిట్లం పిలగాడు ఒకడు దొంగ వీసా మీద విమానం ఎక్కిండు. మొగులు మీద ఉన్నడు, ఏం జేస్తం? నేను సైట్ల ఒక్క లైను మార్సిన. పైలట్ గది సదివి విమానం అట్లనే గిర్రున మలిపిండు. అక్కడి షేక్ సంతోషమై నాకు ఒంటెను పంపిండు."

"ఒంటె ఏది మరి?" అన్నాడు హన్మండ్లు.

"గీడ గడ్డి రేటు ఇని అదే ఎనకకు పోయింది."

హోటల్ అంతా నవ్వింది. సాయన్న కూడా గరిటె పక్కన పెట్టి నవ్వాడు. రూత్‌కు నవ్వు రాలేదు. నవ్వేవాళ్ళ మీద కోపం కూడా రాలేదు. అన్న చేసిన పనులన్నీ ఒక్కొక్కటిగా వేరే మనిషి పేరు మీదికి పోతుంటే, చనిపోయినవాడు మళ్ళీ కొంచెం కొంచెంగా చనిపోతున్నట్టు అనిపించింది.

"గది కూడ పెద్దగాదు," అన్నాడు భూపాల్. ఇప్పుడు ఆయన మొహం చెమటపట్టి ఉంది. ఆగితే ఏదో మీద పడుతుందన్నట్టు ఆగకుండా చెబుతున్నాడు. "సౌదీ కెల్లి ఒక పెట్టె వచ్చింది. సచ్చిన మనిషిది. ఇంటోల్లు ఏడుస్తున్నరు, బొంద తవ్విండ్రు. నేను సైటు సూస్తె ఆయన పేరు సచ్చినోల్ల పేజీల తప్పు పడ్డది. పేరు కొట్టేసిన. ఇట్ల కొట్టేసిన్నో లేదో, పెట్టెల నుంచి లేసి కూసుని ఆయన..."

"భూపాలన్నా," అంది రూత్.

పెద్దగా అనలేదు. అయినా అందరూ తిరిగి చూశారు.

"సచ్చినోల్లను లేపుడు తర్వాత సూద్దం. మా అన్న నంబరు తీసెయ్యమని అడుగుతున్న. ఒక్క లైను. గది నీతోని ఎందుకు అయితలేదు?"

ఎవరూ నవ్వలేదు. దేవరాజ్ చెల్లెలు అక్కడ ఉందని అప్పుడే చూసినవాళ్ళు బల్ల మీద చూపులు పెట్టుకున్నారు. భూపాల్ జేబులోంచి ఫోన్ తీసి, ఏదో తెరిచి, ఆమె చేతికిచ్చాడు.

"వానికి మట్టి ఇచ్చిన తెల్లారే పంపిన చెల్లె. గదే గిది. గప్పటి సంది గట్లనే ఉన్నది."

తెర మీద తీసెయ్యవలసిన లైను ఎర్రగా ఉంది, అది దేవరాజ్ పేరు, నంబరు. దాని కింద, బదులుగా పెట్టవలసింది పచ్చగా, భూపాల్ పేరు, నంబరు. అంతకు కింద, దేవరాజ్ చూసి ఒప్పుకోవలసి ఉంది అని.

"ఎవడు మార్పు పంపినా ఇంకొకడు సూసి ఒప్పుకోవాలె. ఎవనిది వాడు కలుపుకోవద్దు," అన్నాడు భూపాల్. "ఆ రూలు మీ అన్ననే పెట్టిండు. నాకోసమే పెట్టిండు, నేను ఆగమాగం ఏదన్న రాసేస్తనని. ఒప్పుకునేటోల్లం ఇద్దరమే. ఆ రూలు మార్సే తాళాలన్ని వానికాడనే."

"మరి మాకు చెప్పొచ్చు గద. అన్న ఫోన్ ఇంట్లనే ఉన్నది."

"ఏమని అడగాలె? మీ కొడుకు ఫోన్ ఇయ్యమ్మా, వాని బదులు నేను ఒత్తుత అనా?" భూపాల్ ఆమె చేతిలోని తెర వైపు చూపించాడు. "నేనేం పంపినా వాడు ఏదో ఒకటి దిద్దుతుండె. గిది గూడ ఎన్నడన్న దిద్దుతడేమోనని రోజు తెరిసి సూస్తున్న."

రూత్ ఫోన్ తిరిగి ఇచ్చి, "పా అన్నా, ఇంటికి పోదం," అంది.

వాళ్ళు వెళ్ళేసరికి మరియ గడప మీద కూర్చుని ఫోన్ మాట్లాడుతోంది. "దేవరాజ్ లేడు బిడ్డా, కాలం జేసిండు. నేను వాల్లమ్మను. నువ్వు చెప్పు... ఆ పాసుపోర్టు కాపీ భద్రంగ పెట్టుకో. మొదలు కంపెనీకి కాదు, ఎంబసీకి చెయ్యి." ఫోన్లన్నీ విని విని ఆమెకు వచ్చిన చదువు అది. రూత్‌కు ఈ సంగతి తెలియదు. పొద్దంతా దుకాణంలో ఉండే మనిషి. ఇంట్లో అమ్మ ఏడుస్తోందనే అనుకుంది. ఏడుస్తోంది కూడా. ఫోన్ పెట్టేశాక కొంగుతో కండ్లు తుడుచుకుంది.

రూత్ సంగతి చెప్పింది. మరియ అంతా విని భూపాల్ వైపు చూసింది.

"నంబరు తీస్తె, గీ పిల్లల ఫోన్ ఎవలెత్తుతరు?"

"నాది పెట్టిన చిన్నమ్మా. నేనెత్తుత."

"వాడు సదవకుండ ఏదీ ఒప్పుకోకపోతుండె. ఏం రాసినవో సదువు."

భూపాల్ నేల మీద కూర్చుని చదివాడు. మరియ రెండోసారి చదివించుకుంది. "వాని పేరు కూడ తీస్తున్నవా?"

"నంబరు వానిది కాదు గద చిన్నమ్మా."

"నంబరు తియ్యి. పేరు ఉండని."

భూపాల్ తల ఊపి, తన ఫోన్‌లో ఆ లైను మార్చి మళ్ళీ పంపాడు. మరియ దేవరాజ్ ఫోన్ తాళం తీసింది. తాళం తీయడానికి తెర మీద గీత ఎట్లా గీయాలో కొడుకే నేర్పాడు. రూత్ రిపో తెరిచి, ఏది ఒత్తాలో చూపించింది. మరియ వేలు చాలాసేపు దాని మీద నిలిచింది. తర్వాత ఒత్తింది.

"ఏం వచ్చింది బిడ్డా?"

భూపాల్ చూడలేక మొహం తిప్పుకున్నాడు. రూతే చదివింది. "దేవరాజ్ ఒప్పుకున్నడు అని వచ్చిందమ్మా."

మరియ ఫోన్ ఒళ్ళో పెట్టుకుని, దాని మీద రెండు చేతులూ కప్పింది. రూత్ దుకాణానికి పోవలసిన వేళ దాటింది, ఆమె లేవలేదు.

పొద్దు వాలుతుండగా భూపాల్ లేచి చెప్పులు వేసుకుంటుంటే ఆయన జేబులో ఫోన్ మోగింది. ఎవరో ఆడమనిషి. గాబరాగా మాట్లాడుతోంది, మాటలు వాకిట్లోకి వినిపిస్తున్నాయి. దేవరాజ్ అన్ననా అని అడిగింది.

"కాదమ్మా," అన్నాడు భూపాల్. వేసుకున్న చెప్పు విడిచేశాడు. "దేవరాజ్ లేడు. ఈ సైటు ఆయనదే, అంత ఆయన చేసిందే. నేను ఉత్త ఫోన్ ఎత్తేటోన్ని. చెప్పుండ్రి."

ఆమె చెబుతూ పోయింది. భర్త మస్కట్ అవతల సలాలాలో ఉన్నాడు, పండుగ ముందు నుంచి ఫోన్ లేదు. భూపాల్ ఊఁ కొట్టాడు, మళ్ళీ ఊఁ కొట్టాడు. ఫోన్‌కు చెయ్యి అడ్డం పెట్టి మరియ వైపు తిరిగాడు.

"చిన్నమ్మా, ఏం చెప్పాలె?"

మరియ గడప మీది నుంచి లేచి వచ్చి ఆయన పక్కన నిలబడింది.

"ముందుగాల ఆమె పేరేందో అడుగు," అంది.