స్కాన్ ఫోటోలోని బిడ్డ

నా రాత బాగుండదు, తప్పులు కూడా ఉంటాయి. క్షమించండి. ఏడో తరగతి దాకానే చదివాను. ఎదురుగా కూర్చుంటే నోరు పెగలడం లేదని, తెలుగులోనే రాసివ్వమని పోలీసు మేడమ్ కాగితాలు ఇచ్చారు.

నా పేరు బోయిని స్రవంతి. వయసు ఇరవై నాలుగు. ఇంటిపని చేసుకుంటాను. మాది జనగామ దగ్గర పల్లె. మూడేళ్లుగా ఇంగ్లండ్‌లో, లీడ్స్‌లో నా భర్త దినేశ్‌తో, మా అత్త లక్ష్మీబాయితో ఉంటున్నాను. దినేశ్ డెలివరీ వ్యాన్ నడుపుతారు.

మాకు పిల్లలు లేరు. జీపీ, అంటే ఇక్కడ మమ్మల్ని ముందుగా చూసే డాక్టరు, పెద్దాసుపత్రికి రాశారు. అక్కడి నుంచి ఇంకా పిలుపు రాలేదు. పోయిన సెప్టెంబరులో బతుకమ్మ ఆడే చోట మా అత్తకు మధులిక గారు పరిచయమయ్యారు. ల్యాబులో కొత్తగా కనిపెట్టిన మందు తన దగ్గర ఉందని, పరిశోధన కోసం కొందరికే ఇస్తున్నానని చెప్పారు. డాక్టరనే అనుకున్నాం. నాకు చాలా సంతోషమైంది. నాకు ఇంగ్లీషు రాదు కాబట్టి జీపీ దగ్గరైతే నా నెలసరి సంగతి కూడా దినేశే చెప్పాలి. ఈమెకు నేనే చెప్పుకోగలను.

ప్రతి మంగళవారం ఉదయం పదకొండింటికి బట్టల కొట్టు పైన ఆమె గదికి వెళ్లేదాన్ని. నడుముకు సూది వేసేవారు. అక్టోబరు చివర నెల తప్పింది. ఇంట్లో పరీక్ష చేసుకుంటే రెండు గీతలు వచ్చాయి. ఆ సూదే గీతలు తెప్పిస్తుందని ఇప్పుడు మీరు చెప్పారు. ఆ రోజు మా అత్త నా నోట్లో చక్కెర పోసింది.

“ఐదో నెల నిండేదాకా ఎవరికీ చెప్పకమ్మా, జీపీకి కూడా. దిష్టి మనవాళ్లదే తగులుతుందా ఏంటి?” అన్నారు మధులిక గారు.

మా అత్త నవ్వి, “తెల్లోళ్ల కండ్లు ఇంకింత పెద్దగుంటయి” అన్నది.

మా వైపు అలా చెప్పకపోవడం ఆచారమే. అందుకే చెప్పలేదు. ఐదో నెల దాటాక జీపీకి తనే రాస్తానన్నారు. పొట్ట మీద ఏదో పెట్టి చూసి, స్కాన్ ఫోటో ఇచ్చారు. దాన్ని దిండు కింద పెట్టుకున్నాను.

ఆ గది బయట పంజాబీ ఆమె, నైజీరియా ఆమె, బంగ్లాదేశ్ ఆమె కూడా కూర్చునేవారు. అందరం కడుపు మీద చున్నీయో కోటో కప్పుకునేవాళ్లం. ఒకరి కడుపు ఒకరు చూసేవాళ్లం కాదు.

బిడ్డ కదలడం లేదని అడిగితే మధులిక గారు, “ఆడపిల్లయ్యుంటుంది. నీలాగే సిగ్గు” అన్నారు. నేనూ నవ్వాను.

ఏప్రిల్‌లో నాకు గాజులు తొడిగారు. మూడో రోజు కడుపునొప్పి వస్తే దినేశ్ ఆసుపత్రికి తీసుకెళ్లారు. నర్సు పొట్టకు జెల్ రాసింది. చల్లగా ఉంది. చాలాసేపు చూసి, తెర అటు తిప్పేసింది. ఫోన్లో తెలుగు మనిషిని పెట్టారు. ఆయన ఎవరో తెలియదు, పెద్దాయన గొంతు.

“అమ్మా, లోపల బిడ్డ లేదంటున్నారమ్మా.”

పోయిందా అని అడిగాను.

ఆయన నర్సును ఇంకోసారి అడిగారు. “పోలేదమ్మా. అసలు ఎప్పుడూ లేదంటున్నారు.”

నేను మళ్లీ అడిగాను. ఆయన మళ్లీ అదే చెప్పారు.

ఇంటికొచ్చాక మా అత్త, “కడుపుల బిడ్డ ఏడవోయింది? నువ్వే ఏదో మింగినవ్” అన్నది. దినేశ్ దుప్పటి తీసుకుని హాల్లోకి వెళ్లారు. అప్పటి నుంచి అక్కడే పడుకుంటున్నారు. నేనేమీ మింగలేదు. మీరైనా ఆయనకు చెప్పండి. మీ మాట వింటారు.

మా వైపు కాన్పయ్యాకే ఈ గాజులు తీస్తారు. ఎప్పుడు తీయాలో నాకు తెలియడం లేదు. ఇప్పటికీ ఎడమవైపు తిరిగే పడుకుంటున్నాను.

నిన్న మీరు బల్ల మీద మా నలుగురి స్కాన్ ఫోటోలు పెట్టి నాది ఏదో చూపించమన్నారు. నేను చూపించలేకపోయాను. నాలుగింట్లోనూ ఒకటే బొమ్మ.

ఇదంతా నాకు జరిగింది జరిగినట్టు రాశాను. ఎవరూ చెప్పి రాయించలేదు. ఇంగ్లీషులోకి మార్చుకున్నాక ఈ కాగితాలు కాల్చేయండి. మా అత్తకు తెలుగు చదవడం వచ్చు. ఫోటో మాత్రం కాల్చకండి మేడమ్. అది ఎవరి బిడ్డో.

(సంతకం) బోయిని స్రవంతి