వణికింది అక్కయ్య చేయి కాదు

1991 జూన్ 3వ తేదీ ఉదయం, ఒక చేత టైపు పరీక్ష ధ్రువపత్రం, మరో చేత అన్నం డబ్బా పట్టుకుని మా జనన మరణ నమోదు కార్యాలయం మెట్లెక్కిన బక్కపలుచని యువకుడే, నేడు కంప్యూటరు విభాగ పర్యవేక్షకులుగా పదవీ విరమణ చేస్తున్న, మేమందరం నోరారా ‘బాబాయిగారు’ అని పిలుచుకునే మాన్యులు.

తొలి పదకొండేళ్లు టైపు మిషను ముందు గడిపిన వారు, కంప్యూటర్లు వచ్చిన నాడు తోటివారు ‘మనకెందుకీ తలనొప్పి’ అని పక్కకు తప్పుకోగా, సొంత సెలవులు ఖర్చుపెట్టుకుని ఆ విద్యను అభ్యసించారు. తోటివారికి నేర్పడంలో వారికొక నియమం. ఎవరి బల్ల దగ్గరికి వెళ్లినా చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేవారే తప్ప ఎదుటివారి మౌసును ముట్టేవారు కాదు. "నేను పట్టుకుంటే పని నాకొస్తుంది, నీకు రాదు" అనేవారు.

ఆ నియమం ఒక్కసారే తప్పింది. కొత్త కంప్యూటర్లు పాత రిజిస్టర్ల ప్రోగ్రామును నడపబోమని మొండికేసినప్పుడు, బాబాయిగారు కంప్యూటరు లోపల మరో కంప్యూటరులా పనిచేసే ‘వర్చువల్ మెషిన్’ అమర్చి, కొత్త తెరలోనే ఒక కిటికీ తెరిచి, పాత వ్యవస్థ చేత అందులో కాపురం పెట్టించారు. కొన్నాళ్లకు రికార్డులు చూసే, మేమంతా అక్కయ్య అని పిలిచే సహోద్యోగిని తెర మీద, ఆ కిటికీలో మౌసు బాణం గంతులు వేయసాగింది. ఒక పసిపాప ధ్రువపత్రంలో పై వరుసలోని పాప పుట్టినరోజు అచ్చయింది. చేయి వణుకుతోందని తేల్చి, అధికారి ఆమెను తపాలా విభాగానికి మార్చేందుకు ఉత్తర్వు రాయించారు. బాబాయిగారూ అదే నమ్మారు.

"పోతాలే తమ్ముడూ, సంచులు కట్టడానికి చేయి నిలకడ ఎందుకు?" అంటూ ఆమె తన చేతిని బల్ల కింద దాచుకున్నారు.

"ఒకసారి లే అక్కా" అని, ఆమె అలా చేయి దాచుకోవడం చూడలేక బాబాయిగారు ఆ కుర్చీలో కూర్చున్నారు. బాణం బయటి తెర మీద గీత గీసినట్లు నడిచింది. కిటికీలోకి వెళ్లగానే వారి చేతిలోనూ చిందులు తొక్కింది. మౌసు మార్చినా అంతే. అప్పుడు తట్టింది: లోపలి వ్యవస్థను నవీకరించినప్పుడు, చేతి కదలికను లోపలి బాణానికి అందించే చిన్న ప్రోగ్రాము తొలగిపోయింది. దాన్ని తిరిగి అమర్చడం తామే మరిచారు.

వారి పదోన్నతి కాగితం అధికారి బల్ల మీద ఉన్న వారమది. గుట్టుగా సరిచేసి ఊరుకోవచ్చు, కానీ అప్పుడు నింద అక్కయ్య చేతి మీదే ఉండిపోతుంది. తిన్నగా అధికారి గదికి వెళ్లారు.

"తప్పు నాది సార్. ఆమె చేతిది కాదు. మీరే పట్టుకుని చూడండి."

అధికారి వచ్చి పట్టుకున్నారు. "ఇదేంటయ్యా, నా మాట కూడా వినట్లేదు!"

ప్రోగ్రామును తిరిగి అమర్చాక బాణం బుద్ధిగా నడిచింది, ఉత్తర్వు చిరిగింది, పాపకు సరైన పత్రం అందింది. బాబాయిగారి పదోన్నతి మాత్రం రెండేళ్లు వెనక్కి పోయింది. అక్కయ్యగారు అదే కుర్చీలో తల ఎత్తుకుని ఉద్యోగం ముగించారు.

గతవారం బాబాయిగారు బాధ్యతలు అప్పగిస్తూ సంతకానికి వంగినప్పుడు వారి చేయి వణికింది. చూడవచ్చిన అక్కయ్యగారు గభాలున తన కలం అందించారు.

"నీ చేతిది కాదు తమ్ముడూ. ఆ కలం బాగోలేదు."

అక్కయ్యగారిచ్చిన కలాన్ని జేబులో పదిలంగా పెట్టుకుని, పిన్నిగారికి తోడుగా, ఏ బాణం వెంటా పరుగెత్తే పని లేని తీరికతో, బాబాయిగారు నిండు ఆరోగ్యంతో చిరకాలం వర్ధిల్లాలని మనసారా కోరుకుంటున్నాము.