పెరట్లో తెల్లిటుకలు

"అవ్వా, పెరట్లో ఈ ఇటుకల వరస ఎందుకుండాది? ఫోన్లో రికార్డు చేసుకుంటా, చెప్పు."

ఎందుకే నీకు? మీ నాయన పంపినాడా? పెరడు మధ్యలో గోడ కట్టల్లని వానికి మళ్ళా బుద్ధి పుట్టిందా ఏమి? ఆ ఫోను అవతల పెట్టు, మూతికాడికి తేవద్దు. తై నెల, అదే పొంగలు నెల, పుట్టిందో లేదో, ఫ్యాక్టరీకి లీవు పెట్టి వచ్చి, తెల్లార్లేచి పెరట్లో గడ్డి పెరుకుతా కూర్చుంటివి. చుమ్మా, ఊరికినే ఎవురన్నా చేస్తారా ఆ పని? నాకు అనుమానం రాదా? సరి, కూర్చో. చీపురు దావలో పెట్టినావా? తీసి పక్కన పెట్టు, ఎవురన్నా తగిలి పడతారు.

మా కాలంలో పెరడు చక్క చేసేదంటే మొక్కలకి కాదే, పావుకి. పావంటే పడుగు, మగ్గానికెక్కించే నిలువు పోగులు. వానకాలం, అప్పురం దాని యెనకాలే మార్గళి నెల మంచు, ఆ నెలలంతా పోగు గట్టిపడేకి పావుకి గంజి పట్టిస్తే ఆరదు. పెరడు అట్లనే పడుండి మోకాలెత్తు గడ్డి మొలిచేది. పొంగలు పండగ పోతానే మేము దిగుతాము. గడ్డి పెరికి, పల్లేరుకాయలు ఏరి, వాన తవ్విన గుంతలకి ఎర్రమన్ను పోసి దిమ్మిస కొట్టి, పేడతో అలికి. ఒక్క ముల్లు మిగిలినా పోగు తగులుకుంటుంది కదా. ఆ కొసన ఈ కొసన కట్టెలు నాటి పావు సాగదీస్తే, పావుకి ఈ పక్క మీ తాత, ఆ పక్క సరోజ.

సరోజ ఎవురా? మీ తాత తమ్ముని పెండ్లాం, నాకు తోడికోడలు. నువ్వు పుట్టకముందే పోయింది. అన్నదమ్ములు ఇల్లు పంచుకునిరి గాని పెరడు పంచుకోలా. పంచితే పావు యాడ సాగదీసేది? ఇరుపక్కలా మనుషులు గంజి కుంచె పట్టుకోని నడవాల కదా, సగం పెరట్లో ఎట్ల కుదురుతుంది? పావు నడవకపోతే రెండిండ్లలో పొయ్యి వెలగదు. అందుకని నాకు ఎప్పుడూ ఒకటే భయం, సరోజ ఎప్పుడు గోడ లేపుతుందో అని. నవ్వతా ఉంటుంది చూడు, అట్ల నవ్వేవాళ్ళని నమ్మేది లేదు.

ఆ యేడు పొంగలుకి నేను నెమిలి ఊర్లో మా తమ్మునింటికి పోయినాను. వచ్చి చూస్తే, ఓయమ్మా! గడ్డి పెరికేసి, మన్ను కొట్టేసి, పెరడు నడుమ ఈ కొస నుంచి ఆ కొసకి ఇటుకలు పాతుండాయి. సగం మన్నులో, సగం పైన. పైన సున్నం పూసి. అది కూడా మా పక్కకి ఒక అడుగు జరిగి! నా కడుపు రగిలిపోయింది. మీ తాతనడిగితే "ఉండనీలే" అనె. ఉండనీలే అంటే ఏమే అర్థం? ఈయన్ని కూడా మాయ చేసి పెట్టింది అనుకున్నాను. సరోజనడిగితే "పావు నేరుగా రావాలని, అక్కా" అనె, తల వంచుకోని. పుట్టినప్పటినుంచీ పావు నేరుగానే వస్తా ఉండాది, ఇప్పుడేమి కొత్తగా? అబద్ధం చెప్పేవాళ్ళే తల వంచుకుంటారు.

మర్నాడు పొద్దున, బాగా వెలుతురొచ్చిందాక ఉండి, గడ్డపార ఎత్తుకోని పోయినాను. నాలుగు మంది చూడల్లని. నడిమిటుక ఒకటి పెల్లగించి చేతిలో పట్టుకోని నిలబడి నోరెత్తబోతా ఉండా. అప్పుడే మీ తాత గంజికుండ ఎత్తుకోని ఆ కొస నుంచి వచ్చె. ఎప్పుడూ బిరబిరా నడిచే మనిషి, ఎడమకాలితో ఇటుకని తడుముతా, ఒకటి తాకినాక ఇంకోటి, అట్ల వచ్చినాడు. నేను పెరికిన గుంతకాడ కాలు ఆగిపోయె. ఇట్ల తడిమినాడు, అట్ల తడిమినాడు. నేను ఎదురుగా ఉండాను తల్లీ, చెయ్యి చాపితే తగిలేంత దూరంలో. నా మొగం చూసే అన్నాడు, "సరోజా, ఇటుక యాడ పోయిందమ్మా?"

ఇటుక నా చేతిలోనే ఉండె. సరోజ పరిగెత్తి వచ్చి కుండ అందుకునె.

పావుకి ఎదురుపక్క నడిచేది కదా సరోజ, ఆయన పక్క తెగిన పోగులు అట్లనే వదిలేస్తా ఉంటే కనిపెట్టిందంట. ఎవురికీ చెప్పద్దని మీ తాత చేతిలో చెయ్యేయించుకున్నాడంట. కండ్లు పోయినాయంటే నూలిచ్చేవాళ్ళు నూలియ్యరని. ఆ ఇటుకని నేనే మళ్ళా పాతినాను. అయినా చూడు, ఒకే కంచంలో తింటా ఉండి నాకు తెలీలా, దానికి తెలిసె. ఆ మంట ఇంకా నాకు ఆరలా. ఏమనుకుంటే అనుకో.

ఇంక నేనడుగుతా, నువ్వు చెప్పు. పావు పట్టేది నిల్చిపోయి ఎంత కాలమాయె. ఆ ఇటుకలు మన్నులో పూడిపోయి నల్లగా పడుండె. ఈ పొద్దు నేను బాయికాడికి పోతా ఉంటే తెల్లగా కనిపిస్తా ఉండాయి. వరసగా, బాయిదాకా. ఎవురు పూసినారే సున్నం? ఈ ఇంట్లో ఎవురికి కావాల ఇప్పుడు తెల్లిటుకలు?

లేచి యాడికి పోతావే? నా కండ్లకేమి, బాగానే ఉండాయి. మొన్న చారులో ఉప్పుకి బదులు చక్కెర పడిందంటే, మీ అమ్మ డబ్బాలు మార్చి పెట్టింది, అంతే. ఎప్పటినుంచి చూస్తా ఉండావు నన్ను? మీ నాయనకి చెప్పినావా? చెప్పలేదు కదా?

చెప్పద్దు. ఇట్ల రా. చెయ్యి ఇయ్యి. వేళ్ళన్నీ సున్నం తిని గరుగ్గా అయిపోయినాయి కదే, కొబ్బరినూనె రాసుకో. చల్లగా ఉండు తల్లీ. నీ కండ్లు నూరేండ్లు దీపాల మాదిరి వెలగల్ల.

ఇంకోటి. బాయికాడ ఇటుక ఒకటి కదలతా ఉండాది, పొద్దున కాలికి తెలిసె. దాన్ని కొంచెం గట్టిగా దిమ్మిస కొట్టు...