ఎడమ కన్ను మూసుకో

సాయంత్రం. కంటి ఆసుపత్రిలో ఆఖరి రోగి కూడా వెళ్ళిపోయాడు. పరీక్ష గదిలో రోగి కుర్చీలో పెద్ద డాక్టరు కూర్చున్నాడు. ఆయన దగ్గరే పని నేర్చుకున్న చిన్న డాక్టరు యంత్రం వెనక ఉంది.

"మళ్ళీనా?"

"ఒక్కసారి సార్. గడ్డం ఇక్కడ ఆనించండి. నుదురు పట్టీకి తగలాలి."

"ఇప్పటికి మూడుసార్లు తీశావు అమ్మాయ్. నా కన్ను నచ్చంది మిషనుకా, నీకా?"

"రెప్ప కొట్టారు సార్."

"కొట్టలేదు."

"కొట్టారు సార్."

"ఇన్నేళ్ళూ రెప్ప కొట్టొద్దని రోగుల్ని తిట్టినవాణ్ణి, నేను కొడతానా? సరే కానీ, తీసెయ్."

"ఎర్రచుక్క కేసి చూడండి."

"ఎక్కడా?"

"ఎదురుగానే సార్. మధ్యలో."

"ఆఁ, ఆఁ. ఉంది ఉంది."

"అయిపోయింది. వెనక్కి వాలండి సార్."

"ఎంతొచ్చింది?"

"చూస్తున్నా."

"చూసేదేముంది? తెర మీద పడుతుందిగా."

"పడింది సార్. ఈ మిషను పొద్దుట్నుంచీ కొంచెం మొరాయిస్తోంది..."

"అది నేను దగ్గరుండి కొనిపించిన మిషను. అబద్ధం ఆడాలంటే ఇంకేదైనా వెతుక్కో."

"అబద్ధం కాదు సార్..."

"సరే, నీకు నోరు పెగలకపోతే నేనే అడుగుతా. పరీక్షలో కూర్చున్నావనుకో. టోరిక్ లెన్సు ఎవరికి పెడతాం?"

"ఇప్పుడవన్నీ ఎందుకు సార్?"

"చెప్పవే తల్లీ."

"కంటి ముందు పొర బంతిలా గుండ్రంగా లేకుండా ఒకవైపు వంపు ఎక్కువ, ఒకవైపు తక్కువ ఉన్నవాళ్ళకి. శుక్లం తీసి మామూలు లెన్సు పెడితే మసక పోతుంది గానీ అక్షరాలకి నీడ మిగిలిపోతుంది. గీతలు సాగినట్టు కనబడతాయి. అందుకని ఆ వంపుకి విరుగుడుగా చేసిన లెన్సు పెడతాం."

"ఎలా కూర్చోబెడతాం?"

"కంటి వంపు ఏ గీత మీదుందో చూసుకుని, లెన్సు మీది గుర్తులు సరిగ్గా ఆ గీత మీదికి వచ్చేలా తిప్పుతాం."

"తప్పితే?"

"పది డిగ్రీలు తప్పితే లెన్సు చేసే మేలులో మూడోవంతు పోతుంది. ముప్పై తప్పితే పెట్టినా పెట్టనట్టే. ఇంకా తప్పితే ఉన్న చూపు కూడా చెడుతుంది."

"శభాష్! కంటి మీద గుర్తు ఎప్పుడు పెట్టాలి?"

"పడుకోబెట్టక ముందే, కూర్చోబెట్టి. పడుకుంటే కన్ను గూట్లో కాస్త తిరుగుతుంది."

"ఎవరు నేర్పారు?"

"మీరే సార్."

"మరింకేం? నా శుక్లాలు తీసి అదే నాకూ పెట్టు. ఈ వారం ఒకటి, పై వారం ఇంకోటి. నెల తిరక్కుండా ఆపరేషన్ థియేటర్లో నా కుర్చీలో పాత చూపుతో నేనుంటా. ఏమంటావు?"

"సార్, మీకు టోరిక్ పనికిరాదు."

"ఏంటీ?"

"తెర ఇటు తిప్పుతున్నా, మీరే చూడండి."

"రంగులు కనబడుతున్నాయి."

"వంపు సక్రమంగా ఉంటే మధ్యలో సీతాకోకచిలుకలా రెండు రెక్కలు రావాలి."

"నాకు చెబుతున్నావా? ఏవీ రెక్కలు?"

"లేవు సార్."

"సరిగ్గా చూడు."

"చూశాను సార్. కింద అంచు పల్చబడి జారిపోయింది. ఒక్కోచోట ఒక్కో వంపు. లెన్సు పెట్టడానికి గీతంటూ ఒకటుండాలి కదా, మీ కంట్లో గీతే లేదు."

"రెండో కంట్లో?"

"అందులో ఇంకా ఎక్కువ సార్."

"సరే. సరే. అయితే మామూలు లెన్సే పెట్టు. ఏమవుతుంది?"

"వెలుతురు బాగా తెలుస్తుంది. మనుషుల్ని గుర్తుపడతారు. ఒక్కరే రోడ్డు దాటగలరు..."

"రోడ్డు దాటడం గురించి అడిగానా నేను? మైక్రోస్కోపు సంగతి చెప్పు."

"సార్..."

"మైక్రోస్కోపు కింద కుట్టు దారం కనబడుతుందా, కనబడదా?"

"కనబడదు సార్."

"కళ్ళజోడు పెట్టుకుంటే?"

"పెట్టుకున్నా అంతే. గట్టి కాంటాక్ట్ లెన్సు వేస్తే కొంత మెరుగు. ఆపరేషన్ చేసేంత రాదు."

"నీకేం తెలుసు? నిన్నగాక మొన్న బొడ్డూడినదానివి. నేను ఇంకోచోట చూపించుకుంటా."

"చూపించుకోండి సార్. పోయినసారి తీసిన బొమ్మలు నేనే బయటి డాక్టర్లు ఇద్దరికి పంపాను, ఎవరివో చెప్పకుండా. ఇద్దరూ ఒకటే మాటన్నారు."

"పోయినసారి తీసినవా? అంటే నీకు ముందే తెలుసు!"

"తెలుసు సార్. ఇవాళైనా వేరేగా వస్తుందేమోనని... అందుకే మళ్ళీ మళ్ళీ తీశాను. మీకు ఈ మాట నా నోటితో చెప్పాల్సి రావడం కంటే చావు నయమనిపించింది సార్. ఏం చెయ్యను?"

"ఏడవకు. ఏడిస్తే వంపు సరైపోతుందా? ఏడవకు అన్నానా!"

"ఏడవట్లేదు సార్."

"నాకు భయమేస్తోంది అమ్మాయ్. ఇంట్లో కూర్చుని ఏం చెయ్యను? నాకు ఇంకో పని రాదు. మేకు కొట్టమంటే వేలు కొట్టుకునే రకం నేను. ఈ ఒక్క పనే వచ్చు."

"పిల్లలకి పాఠం చెప్పండి సార్. మీలా చెప్పేవాళ్ళు లేరు."

"చెయ్యలేనివాడు చెబుతాడని అంటారు, అలా చెప్పమంటావు. అక్కర్లేదు. అయినా ఇప్పుడు మునిగిపోయిందేముంది? ఈ కళ్ళతోనే చేస్తున్నాగా. ఇలాగే చేస్తా. రేపు వెల్డరు కేసుంది."

"ఆ సంగతే అడగాలనుకుంటున్నా సార్. ఆ కేసు నాకివ్వండి."

"ఎందుకూ?"

"అతనికి ఉన్నది ఒక్క కన్నే సార్."

"తెలుసమ్మా. రెండోది పోయిన రోజున అందులోంచి ఇనపరవ్వ తీసింది నేనే. 'మీ చేత్తోనే చెయ్యాలి, ఇంకొకరి చేత ముట్టించుకోను' అని కూర్చున్నాడు. టోరిక్ పెట్టి మళ్ళీ పనిలోకి పంపిస్తానని మాటిచ్చా."

"మీరు పక్కన నిలబడండి. నేను చేస్తాను. మీరే చేశారని చెబుదాం."

"అంత గతి పట్టలేదు నాకు."

"సార్, కోప్పడకండి. ఈ మధ్య రెండు టోరిక్ లెన్సులు నేను మళ్ళీ తెరిచి తిప్పాల్సొచ్చింది."

"కన్ను రుద్దుకుని ఉంటారు. ఎన్నిసార్లు చెప్పినా వినరు, ఇంటికెళ్ళగానే రుద్దుకుంటారు."

"రుద్దుకోలేదు సార్."

"అలా అంటావేం? గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకునే రకం కాదు నేను."

"గుర్తు పెట్టేటప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఇంకు చుక్క పక్కకి పడింది. చెప్పాను కూడా."

"ఎప్పుడు చెప్పావు?"

"'కాస్త పైకి సార్' అన్నాను. మీరు నా చెయ్యి తోసేశారు."

"గట్టిగా చెప్పాలి!"

"మీకా సార్? నర్సుల ముందు, రోగి మెలకువగా ఉండగా, మీ చెయ్యి తప్పిందని గట్టిగా చెప్పమంటారా? నాకు కత్తి పట్టుకోవడం నేర్పిందే మీరు. ఎలా చెప్పను?"

"నీకు రుజువు కావాలి. అంతే కదా?"

"నాకేం రుజువులొద్దు సార్."

"ఉంది రుజువు. బయట బెంచీ మీద కూర్చుంది. మా ఆవిడ కుడికన్ను ఎవరు చేశారో తెలుసా? నేనే. నువ్వు సెలవు మీద వెళ్ళినప్పుడు. టోరిక్కే పెట్టా. ఇవే కళ్ళు, ఇదే చెయ్యి."

"అమ్మగారికా? మీరా?"

"ఏం, అంత విడ్డూరమా?"

"ఆవిణ్ణి ఇందులోకి లాగొద్దు సార్. దయచేసి."

"భయపడ్డావు కదూ! ఇదిగో, ఏమోయ్! లోపలికి రా!"

"వస్తున్నా, వస్తున్నా. ఎందుకా కేకలు? అయిపోయిందా అండీ? ఏమంది అమ్మాయి? లెన్సు ఎప్పుడు పెడతారట?"

"అది తర్వాత. ముందు ఆ స్టూలు మీద కూర్చో. అక్కడ కాదు, ఇలా నా ఎదురుగా. ఇంకా దగ్గరికి."

"ఇంకా దగ్గరికొస్తే మీ ఒళ్ళో కూర్చోవాలి. నేనెందుకండీ? పరీక్ష మీక్కదా?"

"నీ కంటి మీద ఈ పిల్లకి అనుమానం."

"నా కంటికేం? దివ్యంగా ఉంది."

"విన్నావా?"

"విన్నాను సార్."

"పోన్లే తల్లీ, ఏదంటే అది అవునను. తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. ఈయన సంగతి నీకు తెలీదా?"

"మూడో నాలుగో ఇప్పుడే లెక్కపెడదాం. అమ్మాయ్, నా వెనక గోడ మీది అక్షరాల పెట్టె వెలిగించు. ఏమోయ్, నువ్వు ఎడమ కన్ను మూసుకో. అది నేను ఎప్పుడో చేసిన కన్ను, దాని సంగతి లోకమంతటికీ తెలుసు. కుడికంటితో చదువు."

"ఇప్పుడా?"

"మరెప్పుడు? మూసుకో."

"మూసుకున్నానండీ."

"అరచెయ్యి అడ్డం పెట్టు. వేళ్ళ సందుల్లోంచి చూడకు."

"సందేం లేదు. చీకటే."

"అమ్మా, ఒక్క మాట..."

"నువ్వుండు తల్లీ. నన్ను చదవనీ."

"అవును, మధ్యలో నీ మాటేంటి? నువ్వు సాక్షివి. చూసి చెప్పు, కన్ను మూసుకుందా లేదా?"

"మూసుకున్నారు సార్."

"గట్టిగా?"

"గట్టిగానే మూసుకున్నారు సార్."

"ఇక చదువు. మీదనుంచి."

"గ... ర, వ... న, ప, ట..."

"నీళ్ళు నమలకు. జోరుగా!"

"ద, మ, స, క. య, ర, ల, వ, గ."

"అన్నిటికన్నా కింది వరస చదువు. చలిచీమలంత ఉంటాయి చూడు, అవి."

"ప... న... త. స. మ, ద."

"ఒప్పా, తప్పా? సాక్షీ, నిన్నే!"

"అన్నీ ఒప్పే సార్."

"అక్షరాలకి నీడ గానీ, గీతలు సాగడం గానీ ఉందా?"

"లేదండీ. ముత్యాల్లా ఉన్నాయి."

"ఇప్పుడు మాట్లాడవేం అమ్మాయ్? ఇంకు చుక్క పక్కకి పడిందట! లెన్సులు తిప్పిందట! నా పనికి ఇంతకంటే రుజువు కావాలా? ఇక రేపటి కేసు గురించి నోరెత్తకు."

"రేపు కేసేంటండీ?"

"ఏం లేదు. చెయ్యి తీసెయ్, చాలు."

"ఆపరేషన్లు మానేశానని చెప్పారు కదా? ఊరికే రోగుల్ని చూసి వచ్చేస్తున్నానన్నారు."

"మానేస్తే ఇల్లు గడవొద్దూ?"

"మాట మార్చకండి. రోజూ పొద్దున్నే వెళ్ళేది అందుకేనా? నాతో అబద్ధం చెప్పారా?"

"నువ్వు కంగారుపడతావని చెప్పలేదు. ఒక్కటే, రేపటిది. మాటిచ్చా."

"ఎవరికి?"

"నీకెందుకు అవన్నీ?"

"అమ్మాయ్, ఎవరికమ్మా?"

"వెల్డింగ్ పని చేసే ఆయనకమ్మా. ఒక కన్ను ఎప్పుడో పోయింది."

"రేపు చేసేది?"

"రెండోది."

"ఉన్న ఒక్కటా?"

"అవునమ్మా."

"అయ్యో! అయ్యయ్యో! ఏమండీ, ఆ కేసు అమ్మాయికిచ్చేయండి."

"నువ్వూ మొదలెట్టావా? ఇద్దరూ కూడబలుక్కున్నారా ఏంటి?"

"మీ కాళ్ళు పట్టుకుంటా. ఇచ్చేయండి."

"ఎందుకివ్వాలి? ఇప్పుడే కదా కింది వరస దాకా గడగడా చదివావు!"

"చదివాను."

"మరి?"

"అడక్కండి. ఇచ్చేస్తానని ఒక్క మాటనండి, ఇంటికెళ్ళిపోదాం."

"కారణం చెప్పకుండా నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల కోసం దిగిపోమంటావా? ఇన్నేళ్ళ పని! చెప్పు, ఏంటి కారణం?"

"మీ మనసు విరిగిపోతుందని ఇన్నాళ్ళూ ఓర్చుకున్నాను. ఎలాగూ మానేశారు కదా, ఇక ఎవరికీ ముప్పు లేదనుకున్నాను. నా ఒక్కదానితో పోయిందిలే, మీరు సుఖంగా ఉంటే చాలనుకున్నాను. పాపం అతనేం చేశాడండీ?"

"ఏం మాట్లాడుతున్నావు? ఏది నీతో పోయింది?"

"సార్, ఇక వదిలెయ్యండి సార్. అమ్మా, పదండి, నేను ఇంటి దగ్గర దింపుతాను."

"నువ్వుండు! అసలేంటే? నేను చేసిన కంటితోనే కదా చదివావు? ఎడమది మూసుకుని, కుడిదాంతో. నా ఎదురుగా! నేను చూస్తూనే ఉన్నాగా!"

"మీకు కనబడలేదండీ. నేను మూసుకున్నది కుడికన్ను."